ఐదు రోజులు దాటిన జ్వరం: పిల్లల్లో కవాసాకి వ్యాధిని ఎలా గుర్తించాలి

దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులైనా, జడ్చర్ల, అచ్చంపేట, వనపర్తి వైపువారైనా పిల్లల వైద్యులను అడిగే ప్రశ్న దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: "బాబుకు వారం నుంచి జ్వరం తగ్గుతలేదు, కండ్లు ఎర్రగయినయి, ఒంటి మీద దద్దుర్లు లేచినయి, రెండు తీర్ల యాంటీబయాటిక్‌లు వాడినం, ఇంకేం చెయ్యాలె?" అటువంటి పిల్లల్లో ఎక్కువమందికి వైరస్ జ్వరమో, తట్టో, టైఫాయిడో ఉంటుంది. కొద్దిమందికి మాత్రం ఉన్నది ఇన్‌ఫెక్షన్ కాదు, ఇన్‌ఫెక్షన్‌లా కనిపించే రక్తనాళాల వాపు జబ్బు. దాని పేరు కవాసాకి వ్యాధి. ఆ కొద్దిమందిని సమయం మించకుండా ఎలా గుర్తించాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

జబ్బు గురించి తెలియాల్సింది కొంచెమే. జపాన్‌కు చెందిన పిల్లల వైద్యుడు తొమిసాకు కవాసాకి 1967లో దీనిని వివరంగా ప్రచురించారు. ఇది జపాన్‌కే పరిమితమైన జబ్బు కాదు. మన దేశంలో చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి పిల్లల విభాగం దశాబ్దాలుగా ఇటువంటి పిల్లలకు చికిత్స చేస్తోంది. ఎక్కువగా ఐదేళ్ల లోపు పిల్లలకు, ఆడపిల్లల కంటే మగపిల్లలకు కొంత ఎక్కువగా వస్తుంది. అసలు కారణం ఇంతవరకు తేలలేదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల గోడలు వాచిపోవడమే దీనిలోని అసలు ప్రమాదం. చికిత్స అందకపోతే సుమారు నలుగురిలో ఒకరికి ఆ ధమనులు ఉబ్బుతాయి. జ్వరం మొదలైన పది రోజుల లోపల సరైన మందు పడితే ఆ సంఖ్య నూటికి ఐదుగురి దాకా దిగివస్తుంది. మందు ఇవ్వకపోయినా రెండు మూడు వారాల్లో జ్వరం దానంతటదే పోతుంది కాబట్టి, పిల్లవాడు ఆడుకుంటున్నాడు కదా అని ఇంటివాళ్లు నిశ్చింతగా ఉండిపోతారు.

దీనిని నిర్ధారించే ఒక్క రక్తపరీక్ష ఏదీ లేదు. లక్షణాలను బట్టి గుర్తించాలి, ఆ లక్షణాలేమో అన్నీ ఒకే రోజు కనిపించవు. మూడో రోజు వచ్చిన దద్దుర్లు ఐదో రోజుకు మాయమవుతాయి, కళ్ల ఎరుపు తగ్గాక చేతులు వాస్తాయి. ఆరో రోజు చూసిన వైద్యుడికి ఆ రోజు మిగిలినవే కనిపిస్తాయి. మొదటి నుంచీ అన్నిటినీ చూసినది బిడ్డను ఎత్తుకుని తిరిగిన మనిషి ఒక్కరే. అందువల్ల ఈ జబ్బును పట్టుకోవడంలో మీరు రాసి పెట్టుకునే కాగితం విలువ లాబ్ రిపోర్టు కంటే తక్కువ కాదు.

కావలసినవి

- డిజిటల్ థర్మామీటరు. చేయి ఆనించి చూసి "ఒళ్లు కాలుతోంది" అనుకోవడం సరిపోదు.
- ఒక నోటు పుస్తకం, పెన్ను.
- ఫొటోలు తీయడానికి ఫోను. తేదీ, సమయం దానిలోనే నమోదవుతాయి.
- మెడ బిళ్లను కొలవడానికి బడి పిల్లల స్కేలు.
- టీకాల కార్డు, అంటే అంగన్‌వాడీలోనో సబ్‌సెంటర్‌లోనో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు.
- ఇప్పటివరకు వాడిన మందుల సీసాలు, చీటీలు. చీటీ లేకుండా ఇచ్చిన సూది మందు పేరు అడిగి తెలుసుకుని రాసుకోండి.

1. జ్వరం మొదలైన రోజును స్థిరపరచండి

జ్వరం వచ్చిన తొలి రోజే మొదటి రోజు. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి లెక్కపెట్టకూడదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, పది రోజుల గడువు ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పైన ఉన్న ప్రతి రోజునూ లెక్కలోకి తీసుకోండి. కవాసాకిలో అది సాధారణంగా 102 దాటుతుంది, 104 వరకు కూడా వెళ్తుంది. పారాసిటమాల్ వేసిన మూడు నాలుగు గంటలు దిగి మళ్లీ ఎక్కితే ఆ రోజు జ్వరం ఉన్నట్టే.

తల్లిదండ్రులు పని కోసం హైదరాబాద్‌కో బొంబాయికో పోయి, పిల్లలు నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉండే ఇళ్లు పాలమూరు పల్లెల్లో చాలా ఉన్నాయి. అటువంటి చోట "మొన్ననే వచ్చింది" అన్న మాట నాలుగు రోజుల కిందటిదీ కావచ్చు, ఆరు రోజుల కిందటిదీ కావచ్చు. సంత రోజునా, పెన్షన్ ఇచ్చిన రోజునా, పక్కింటి పెళ్లి నాడా అని గుర్తు చేసి అడిగితే పెద్దవాళ్లు కచ్చితమైన రోజు చెబుతారు.

2. రోజుకు ఒకసారి, పగటి వెలుతురులో, తల నుంచి కాలి వేళ్ల దాకా చూడండి

బట్టలు తీసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూడాలి. రాత్రి బల్బు వెలుతురులో, ముఖ్యంగా చామనఛాయ పిల్లల్లో, లేత ఎరుపు తెలియదు. చూడవలసిన ముఖ్యమైన చోట్లు ఐదు.

*కళ్లు.* రెండు కళ్లూ ఎర్రబడతాయి. పుసులు ఉండవు, ఉదయం రెప్పలు అతుక్కుపోవు. కింది రెప్పను మెల్లగా లాగి దగ్గరగా చూడండి: తెల్లగుడ్డంతా ఎర్రగా ఉన్నా, నల్లగుడ్డును ఆనుకుని సన్నని తెల్లని వలయం ఎరుపెక్కకుండా మిగిలి ఉంటుంది. కళ్లకలక నుంచి దీనిని వేరు చేయడానికి ఇంట్లో చూడగలిగిన వాటిలో ఇదే మంచి గుర్తు.

*నోరు.* పెదవులు ఎర్రగా ఎండి, నిలువుగా పగిలి, ఒక్కోసారి రక్తం చిమ్ముతాయి. నాలుక ఎర్రబడి దాని మీద బుడిపెలు తేలుతాయి. వైద్యులు దీనిని స్ట్రాబెర్రీ నాలుక అంటారు. నోటిలో పుండ్లు గానీ, గొంతులో తెల్లని చీము పొర గానీ ఉంటే వేరే జబ్బు వైపు ఆలోచించాలి.

*చర్మం.* దద్దుర్లు ఏ రూపంలోనైనా రావచ్చు: తట్టులాగా, దురదగడ్డల్లాగా, ఒట్టి ఎరుపులాగా. ఛాతీ, పొట్ట, వీపు మీద ఎక్కువ. నీటి పొక్కులు సాధారణంగా ఉండవు. గజ్జల్లోనూ, డైపర్ కట్టే చోటా ఎరుపెక్కి మొదటి వారంలోనే పొట్టు లేవడం చాలామంది గమనించని గుర్తు. దానిని డైపర్ రాపిడి అనుకుని పౌడరు చల్లి ఊరుకుంటారు.

*చేతులు, కాళ్లు.* అరచేతులు, అరికాళ్లు ఎర్రబడతాయి. చేతి వెనక భాగం, పాదం పైభాగం బిగుతుగా ఉబ్బుతాయి. వేలితో నొక్కితే గుంట పడదు. పిల్లవాడు బొమ్మ పట్టుకోడు, కాలు నేల మీద పెట్టనీయడు. చంటిపిల్లల్లో వాపు తెలియకపోతే కాళ్ల కడియాలూ చేతి మురుగులూ చూడండి. మొన్నటిదాకా వదులుగా తిరిగిన కడియం ఈ రోజు చర్మంలోకి దిగి గీత పెడుతుంటే అది వాపే. చూసిన వెంటనే తీసేయండి, ఆలస్యమైతే కత్తిరించవలసి వస్తుంది. వేళ్ల చివరలు, గోరు అంచు కిందనే మొదలై, పొరలుగా ఊడడం మాత్రం రెండు మూడు వారాల తరువాత కనిపించే గుర్తు. దాని కోసం ఎదురుచూస్తే గడువు దాటిపోతుంది.

*మెడ.* ఒక పక్కన బిళ్ల కడుతుంది. స్కేలుతో కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటర్లు గానీ అంతకు పైన గానీ ఉంటుంది. ఐదింటిలో తక్కువగా కనిపించేది ఇదే కాబట్టి, బిళ్ల లేదని అనుమానం వదులుకోకండి.

వీటితో పాటు మరో రెండు చూడండి. ఎడమ భుజం మీద బీసీజీ టీకా మచ్చ చుట్టూ ఎర్రబడి గట్టిపడడం అనేది పుట్టగానే బీసీజీ వేసే మనలాంటి దేశాల్లో చాలా ఉపయోగపడే గుర్తు, ముఖ్యంగా ఏడాది లోపు పిల్లల్లో. దీనిని ఎవరూ అడగరు, మీరే చూపించాలి. రెండవది చిరాకు. జ్వరం దిగిన సమయంలో కూడా, ఎత్తుకున్నా, పాలిచ్చినా, ఎంత సముదాయించినా ఊరుకోని ఏడుపు ఈ జబ్బులో ఎక్కువ.

3. చూసినదాన్ని అదే రోజు రాయండి, ఫొటో తీయండి

ఎలా రాయాలో ఒక నమూనా ఇస్తున్నాను:

4వ రోజు, మంగళవారం. ఉదయం 7కు 103.1, సిరప్ వేశాము. 9కి 100.8. మధ్యాహ్నం 1కి 103.4. రెండు కళ్లు ఎరుపు, పుసులు లేవు. పెదవులు పగిలాయి. వీపు మీద దద్దుర్లు నిన్నటి కంటే తక్కువ. చేతులు మామూలు. మూత్రం నాలుగుసార్లు. యాంటీబయాటిక్ మూడో రోజు.

ఇంతే చాలు. "లేదు" అన్నది కూడా రాయాలి, ఎందుకంటే పుసులు లేకపోవడం, దగ్గు లేకపోవడం వైద్యుడికి అవసరమైన సమాచారమే. ఫొటోలు ఫ్లాష్ లేకుండా, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి తీయండి. దద్దుర్లు, కళ్లు, పెదవులు, చేతులు, బీసీజీ మచ్చ, ఈ ఐదూ ఉండాలి. ఫొటోకు ముందు పసుపు, కొబ్బరినూనె, కాలమైన్ లోషన్ పూయకండి. కాటుక పెట్టిన కంట్లో తెల్లని వలయం సరిగా తెలియదు.

4. ఇవే లక్షణాలతో వచ్చే ఇతర జబ్బులతో పోల్చి చూడండి

ఇది మీరే తేల్చుకోవడానికి కాదు, వైద్యుడికి సరైన వివరం ఇవ్వడానికి.

తట్టులో దగ్గు, ముక్కు కారడం గట్టిగా ఉంటాయి, కళ్లు నీరు కారుతాయి. దద్దుర్లు చెవుల వెనుక, నుదుటి అంచున మొదలై ముఖం నుంచి కిందికి దిగుతాయి, తగ్గేటప్పుడు గోధుమరంగు మరకలు వదులుతాయి. తొమ్మిదో నెలలోనూ, 16 నుంచి 24 నెలల మధ్యా ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా పడిందో లేదో కార్డులో చూడండి. అమ్మవారు పోసిందని వేపాకు కట్టి, ఆసుపత్రికి తీసుకుపోకుండా ఇంట్లో ఉంచే అలవాటు వల్ల పోయే రోజులు కవాసాకిలో తిరిగి రావు. మొక్కు మొక్కుకోండి, వేపాకు కట్టండి, కానీ ఐదో రోజు దాటనీయకుండా వైద్యుడికి చూపించండి.

స్కార్లెట్ జ్వరంలో గొంతు నొప్పి ముఖ్యం, కళ్లు ఎర్రబడవు, పెన్సిలిన్ జాతి మందు పడితే ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. అడినోవైరస్‌లో కళ్లకు పుసులు, గొంతులో చీము ఉంటాయి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. స్క్రబ్ టైఫస్ చెలకల్లో, పొదల్లో తిరిగే కుటుంబాల పిల్లల్లో తప్పక ఆలోచించవలసినది: చంకల్లో, గజ్జల్లో, చెవి వెనుక, నడుము దగ్గర నల్లని పక్కు కట్టిన నొప్పి లేని చిన్న పుండు కోసం వెతకండి. దొరికితే వైద్యుడికి చూపించండి, దానికి మందు వేరు. కోవిడ్ వచ్చిపోయిన రెండు నుంచి ఆరు వారాలకు కాస్త పెద్ద పిల్లల్లో వచ్చే ఎంఐఎస్-సి అనే జబ్బు కూడా దీనిని పోలి ఉంటుంది. అందులో కడుపునొప్పి, వాంతులు, బీపీ పడిపోవడం ఎక్కువ.

ఒక వైరస్ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన కవాసాకి లేదని కాదు. జలుబు వైరస్ ఉన్న పిల్లవాడికి కవాసాకి కూడా ఉండవచ్చు.

5. ఐదో రోజున పిల్లల వైద్యుడి దగ్గరకు వెళ్లండి, ఈ మాటలు చెప్పండి

జ్వరం ఐదు రోజులు నిండి, పైన చెప్పిన ఐదింటిలో నాలుగు ఇంతవరకు ఎప్పుడైనా కనిపించి ఉంటే అది పూర్తి కవాసాకి కిందికి వస్తుంది. నాలుగు గుర్తులు, ముఖ్యంగా చేతుల, కాళ్ల వాపు స్పష్టంగా ఉంటే నాలుగో రోజే నిర్ధారించవచ్చు. రెండో మూడో ఉంటే అసంపూర్ణ కవాసాకి అనే అనుమానంతో పరీక్షలు చేయాలి.

చాలామంది తల్లిదండ్రులు వైద్యుడి ముందు జబ్బు పేరు ఎత్తడానికి జంకుతారు. జంకవలసిన పని లేదు. కాగితం చేతికిచ్చి ఇలా అడగండి: "సార్, ఇది ఆరో రోజు. కళ్లు, పెదవులు, దద్దుర్లు వచ్చాయి, ఫొటోలు ఉన్నాయి. కవాసాకి కావచ్చా? సీఆర్‌పీ, ఎకో అవసరమా?" సీఆర్‌పీ అంటే ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష, ఎకో అంటే గుండె స్కానింగ్. మంచి వైద్యుడు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు.

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి పట్టణాల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి, అక్కడి పిల్లల విభాగానికే నేరుగా వెళ్లండి. ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గర మరో సూది వేయించుకుని రేపు చూద్దామనుకోవడం ఐదో రోజు తరువాత తగదు.

గాఢంగా మగతలోకి జారడం, చేతులు కాళ్లు చల్లబడడం, వేగంగా ఊపిరి తీయడం, పెదవులు నీలంగా మారడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, ఫిట్స్, నొక్కినా రంగు పోని ఎర్రని లేదా ఊదారంగు మచ్చలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రోజులు లెక్కపెట్టకుండా 108కి ఫోన్ చేయండి.

*ఆరు నెలల లోపు పిల్లలకు వేరే నియమం.* వీరిలో కళ్లు, పెదవులు, దద్దుర్లు ఏవీ స్పష్టంగా రాకుండా ఒట్టి జ్వరం, ఏడుపు మాత్రమే ఉండవచ్చు. గుండె ధమనులు దెబ్బతినే అవకాశమేమో వీరిలోనే ఎక్కువ. చంటిబిడ్డకు కారణం తెలియని జ్వరం ఏడు రోజులు ఉంటే, వేరే ఏ గుర్తూ లేకపోయినా, రక్తపరీక్షలూ అవసరాన్ని బట్టి ఎకో చేయాలన్నదే వైద్యుల నియమం. మూడు నెలల లోపు బిడ్డకైతే ఏ జ్వరమైనా మొదటి రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

6. రిపోర్టులను ఇలా చూడండి

అడగవలసిన పరీక్షలు: సీబీపీ (రక్తకణాల లెక్క), ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (రెండూ ఒంట్లో వాపును చూపేవి), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్), ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష), మూత్ర పరీక్ష. సీఆర్‌పీ లీటరుకు 30 మిల్లీగ్రాములు గానీ, ఈఎస్‌ఆర్ 40 గానీ దాటిందా అన్నది మొదటి ప్రశ్న. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: కొన్ని లాబ్‌లు సీఆర్‌పీని డెసిలీటరుకు రాస్తాయి, అప్పుడు 30కి బదులు 3 అని ఉంటుంది. అంకె పక్కన రాసిన కొలత చూడకుండా "మూడే కదా" అనుకోకండి.

తరువాత ఈ ఆరింటిలో ఎన్ని ఉన్నాయో చూస్తారు: వయసుకు తగినంత హిమోగ్లోబిన్ లేకపోవడం, తెల్లకణాలు 15,000 దాటడం, ఏడో రోజు తరువాత ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటడం, ఆల్బుమిన్ 3 గ్రాములకు మించకపోవడం, ఎస్‌జీపీటీ పెరగడం, మూత్రంలో పస్ సెల్స్ (చీము కణాలు) 10 దాటడం. అసంపూర్ణ కవాసాకి అనుమానంలో సీఆర్‌పీ లేదా ఈఎస్‌ఆర్ పెరిగి, వీటిలో మూడు ఉంటే ఎకో ఎలా ఉన్నా చికిత్స మొదలుపెట్టవచ్చు.

రిపోర్టులు చదవడంలో జరిగే పొరపాట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

*ప్లేట్‌లెట్లు.* డెంగీ భయం వల్ల మనకు ప్లేట్‌లెట్లు తగ్గితే ప్రమాదం, పెరిగితే మంచిది అన్న భావన నాటుకుపోయింది. ఈ జబ్బులో రెండు, మూడు వారాల్లో అవి ఆరు, ఏడు, ఎనిమిది లక్షలకు పెరుగుతాయి. "ప్లేట్‌లెట్లు బాగున్నయి" అని సంతోషించి ఇంటికి పోవలసిన రిపోర్టు కాదది. మొదటి వారంలో మామూలుగా ఉండడం కూడా జబ్బు లేదనడానికి రుజువు కాదు.

*విడాల్ పరీక్ష.* "టైఫాయిడ్ పాయింట్లు వచ్చినయి" అన్న ఒక్క మాట మీద పది రోజుల సూదులు మొదలవుతాయి. ఒక్క విడాల్ పరీక్షతో టైఫాయిడ్ తేలదు. బ్లడ్ కల్చర్ చేయించమని అడగండి. ఆ రిపోర్టు వచ్చేదాకా కవాసాకి గుర్తుల లెక్క ఆపవద్దు.

*మూత్రం.* ఈ జబ్బులో సూక్ష్మక్రిములు లేకుండానే మూత్రంలో పస్ సెల్స్ కనిపిస్తాయి. "యూరిన్ ఇన్‌ఫెక్షన్" అని రాసిచ్చినప్పుడు కల్చర్‌లో ఏమైనా పెరిగిందా అని అడగండి. ఏమీ పెరగకపోతే, జ్వరం కూడా దిగకపోతే, ఆ మాట మీద నిలబడకూడదు.

*మందు పడకపోవడం.* యాంటీబయాటిక్ మొదలుపెట్టిన మూడో రోజు దద్దుర్లు లేస్తే "మందు పడలేదు" అని మందు మారుస్తారు. దద్దుర్లకూ మందుకూ సంబంధం ఉండవచ్చు, లేకపోవచ్చు. కళ్లూ పెదవులూ చేతులూ చూసి గానీ నిర్ణయించకూడదు.

*మెడ గడ్డ.* జ్వరం, మెడ బిళ్ల మొదట కనిపించిన పిల్లల్లో దానిని చీముగడ్డ అనుకుని సూదులు వేస్తారు. కోయడానికి సిద్ధమయ్యే ముందు స్కానింగ్‌లో నిజంగా చీము ఉందో లేదో తెలుసుకోండి.

*డెక్సా సూది.* జ్వరం తొందరగా దిగాలని కొందరు స్టెరాయిడ్ సూది వేస్తారు. ఒకటి రెండు రోజులు జ్వరం దిగి, గుర్తులు మసకబారి, తరువాత వచ్చే వైద్యుడికి అసలు బొమ్మ కనిపించదు. సూది వేసిన తేదీ తప్పక చెప్పండి. కవాసాకిలో కొందరు పిల్లలకు స్టెరాయిడ్ అవసరమే, కానీ అది ఎకో చూసి, ఐవీఐజీ అనే ప్రధాన మందుతో (8వ భాగం చూడండి) కలిపి, ఆసుపత్రిలో ఇచ్చేది.

7. ఎకో చేయించండి, రిపోర్టులో కొలతలు ఉన్నాయేమో చూడండి

2డీ ఎకో అంటే గుండెకు చేసే స్కానింగ్. నొప్పి ఉండదు. కానీ పిల్లవాడు కదిలితే కరోనరీ ధమనులు సరిగా కనిపించవు కాబట్టి, నిద్రపోయే వేళకు తీసుకెళ్లండి. అవసరమైతే నిద్రమందు ఇస్తారు, అప్పుడు ఎంతసేపు ఆకలితో ఉంచాలో ముందే అడగండి. వీలైతే పిల్లల గుండె వైద్యుడి చేత చేయించడం మేలు.

రిపోర్టులో "గుండె బాగుంది" అని మాత్రమే రాసి ఉంటే సరిపోదు. ఎడమ ప్రధాన ధమని, ఎడమ ముందు ధమని, కుడి ధమని ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో, వాటి జెడ్ స్కోరు ఎంతో ఉండాలి. జెడ్ స్కోరు అంటే ఆ పిల్లవాడి ఒడ్డూపొడుగుకు ఆ ధమని ఎంత ఉండాలి, ఎంత ఉంది అన్న లెక్క. దానికి ఎత్తు, బరువు కావాలి, కాబట్టి ఎకోకు ముందు రెండూ ఆ రోజే కొలిపించి చీటీ మీద రాయించండి. స్కోరు 2.5 దాటితే ధమని ఉబ్బినట్టు, 10 దాటినా లేదా 8 మిల్లీమీటర్లు దాటినా పెద్ద ఉబ్బుగా పరిగణిస్తారు.

మొదటి వారంలో ఎకో మామూలుగా ఉండడం సహజమే. దాన్ని చూసి జబ్బు లేదనుకోవడం పెద్ద పొరపాటు. మిగతా గుర్తులన్నీ ఉంటే ఎకో కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలి.

8. చికిత్స ఎక్కడ, ఎంతసేపు అన్నది ముందే తెలుసుకోండి

ప్రధానమైన మందు ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలు. కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున, 10 నుంచి 12 గంటల పాటు సెలైన్‌లా ఒకే విడతగా ఎక్కిస్తారు. పది కిలోల పిల్లవాడికి 20 గ్రాములు, అంటే ఐదు గ్రాముల సీసాలు నాలుగు. ఇది ఖరీదైన మందు. చేరేటప్పుడే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని ఆరోగ్యమిత్రను అడగండి. మందు స్టాకు లేదంటే, ఎకో సౌకర్యం లేదంటే, రిఫరల్ చీటీ రాయించుకుని హైదరాబాద్‌లోని నిలోఫర్ వంటి పిల్లల ఆసుపత్రికి ఆ రోజే బయలుదేరండి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దూరం సుమారు 100 కిలోమీటర్లు. ఎనిమిదో రోజున బేరీజు వేసుకుంటూ కూర్చోవద్దు.

పది రోజులు దాటినా జ్వరం, సీఆర్‌పీ ఇంకా ఎక్కువగా ఉంటే ఐవీఐజీ ఇస్తారు. ఆలస్యమైందని మానుకోకండి.

దీనితో పాటు ఆస్పిరిన్ ఇస్తారు. ముందుగా ఎక్కువ మోతాదు, జ్వరం పూర్తిగా దిగిన రెండు మూడు రోజుల తరువాత కిలోకు 3 నుంచి 5 మిల్లీగ్రాముల చిన్న మోతాదు. అనుమానం మీద ఇంట్లో మీరే ఆస్పిరిన్ వేయకండి. డెంగీ అయితే రక్తస్రావం జరుగుతుంది.

9. మందు పనిచేసిందో లేదో ఇలా సరిచూడండి

సెలైన్ పూర్తయిన సమయం రాసుకోండి. ఆ సమయం నుంచి 36 గంటలు గడిచాక కూడా జ్వరం ఉన్నా, తగ్గి మళ్లీ వచ్చినా, మొదటి విడత పనిచేయనట్టు. సుమారు పది నుంచి ఇరవై శాతం పిల్లల్లో ఇలా జరుగుతుంది. అప్పుడు రెండో విడత ఐవీఐజీ, స్టెరాయిడ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటివి ఉన్నాయి. అందువల్ల జ్వరం దిగిన మర్నాడే, పొలం పని ఉందనో పండుగ ఉందనో పేరు కొట్టించుకుని వెళ్లకండి.

ఐవీఐజీ తరువాత ఈఎస్‌ఆర్ ఆ మందు వల్లనే పెరుగుతుంది. దాన్ని చూసి కంగారు పడవద్దు, సీఆర్‌పీ తగ్గుతోందా అన్నది చూడాలి.

ఎకో మళ్లీ ఒకటి రెండు వారాలకు, తరువాత నాలుగు నుంచి ఆరు వారాలకు చేయించాలి. చాలామంది రెండోదానితో ఆపేస్తారు. ధమనులు మామూలుగా ఉన్నాయని చివరి ఎకోలో తేలాకే, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకు, వైద్యుడు ఆస్పిరిన్ ఆపుతారు. ధమని ఉబ్బి ఉంటే ఆ మందు ఏళ్ల తరబడి, ఒక్కోసారి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వేరే మందులతో కలిపి కొనసాగుతుంది.

ఆస్పిరిన్ వాడుతున్నన్నాళ్లు ఐబుప్రోఫెన్ వేయకండి, అది ఆస్పిరిన్ పనిని దెబ్బతీస్తుంది; ఊళ్లో ఇచ్చే జ్వరం సిరప్‌లలో పారాసిటమాల్‌తో కలిసి ఐబుప్రోఫెన్ ఉన్నవి చాలా ఉంటాయి కాబట్టి సీసా మీద పేరు చదవండి. ఇంట్లోగానీ అంగన్‌వాడీలోగానీ ఎవరికైనా అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసినా, ఫ్లూ వచ్చినా వెంటనే వైద్యుడికి చెప్పండి. ఆస్పిరిన్ మీద ఉన్న పిల్లలకు ఆ వైరస్‌లు సోకితే కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే అరుదైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

ఎంఆర్, చికెన్‌పాక్స్ టీకా వంటి సజీవ టీకాలను ఐవీఐజీ తీసుకున్న తరువాత 11 నెలలు వాయిదా వేయాలి, లేకపోతే అవి సరిగా పనిచేయవు. పోలియో, పెంటావలెంట్ ఆపనవసరం లేదు. ఏఎన్‌ఎం గుర్తు పెట్టుకుంటారని వదిలేయక, ఐవీఐజీ ఇచ్చిన తేదీని తల్లీబిడ్డల కార్డు మీద ఎర్ర ఇంకుతో రాయించండి.

10. జ్వరం ఎప్పుడో తగ్గిపోయి ఉంటే

ఈ వ్యాసం చదివాక, మూడు వారాల కిందటి జ్వరం గుర్తుకువచ్చి బిడ్డ వేళ్లు చూసుకునేవారు ఉంటారు. గోరు అంచుల కింద నుంచి పొట్టు ఊడుతుందా చూడండి. ఒకటి రెండు నెలలు గడిచి ఉంటే గోళ్ల మీద అడ్డంగా గాడి పడి ఉందేమో చూడండి; ఏ తీవ్రమైన జబ్బు తరువాతైనా అది రావచ్చు గానీ, ఐదు రోజులు దాటిన జ్వరం, ఎర్ర కళ్లు, పగిలిన పెదవులు కూడా అప్పట్లో ఉంటే దానిని తేలికగా తీసుకోకూడదు. పిల్లవాడు ఎంత హుషారుగా ఉన్నా ఒక్క ఎకో, సీఆర్‌పీ, ప్లేట్‌లెట్ల సంఖ్య చేయించండి. ఎకో చీటీ మీద "గుండె పరీక్ష" అని కాకుండా "గతంలో కవాసాకి అనుమానం, కరోనరీ కొలతలు కావాలి" అని రాయించుకోండి. అలా రాయకపోతే కవాటాలు, గదులు చూసి పంపేస్తారు, చూడవలసిన ధమనులు చూడకుండానే మిగిలిపోతాయి.